గాలి కొట్టి కాచిన టీ

సముద్రం హోరుకు ఎదురుగా కూచుని తన హోరు తాను వినిపించగల వంటసామాను నాకు తెలిసి ఒక్కటే, పంపు స్టవ్వు. గ్యాస్ పొయ్యికి ఆ గొంతు లేదు. ఒత్తుల స్టవ్వుకి ఆ ఊపిరి లేదు. నిజాంపట్నం రేవు గట్టున, మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి పట్టు బిగించాక అగ్గిపుల్ల గీసి చూడండి. చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆరిపోతుంది. అదే గాలిలో, కోసి చదును చేసిన నూనె డబ్బా రేకు ఒకటి చుట్టూ నిలబెడితే చాలు, గుప్పెడంత ఇత్తడి స్టవ్వు బుస్సుమని లేచి గిన్నెలో నీళ్లని కుతకుతలాడిస్తుంది. నేను దీన్ని పొగడటానికే కూచున్నాను. మంచీ చెడ్డా తూకం వేసి రాయడం ఈ పూటకి నా వల్ల కాదు.

ముందు దాని ఒళ్లు చూడండి. బొజ్జలాంటి టాంకు, దానికో పక్క పంపు, ఇంకో పక్క కిరసనాయిలు పోసే మూత, ఆ దగ్గరే గాలి వదిలే మర. నడిమధ్య లేచిన గొట్టం మెడ చుట్టూ స్పిరిట్ పోసే బుల్లి పళ్లెం, పైన బర్నరు, దాని నడుమ కంటికి ఆనని బెజ్జంతో నిపిలు. మూడు కాళ్లు, మీద గిన్నె ఆనే చట్రం. అంతే సంసారం! కిరసనాయిలు ద్రవంగా ఉన్నంతసేపూ దాని మంట పొగా మసీ పసుపూ. ఆవిరైతేనే అసలు తేజం బయటపడుతుంది. ఆవిరి కావాలంటే మంట కావాలి, మంట సరిగా రావాలంటే ఆవిరి కావాలి. ఈ పీటముడిని విప్పేది పళ్లెంలో పోసే ఆ కాస్త స్పిరిట్టే. అది మండి బర్నరు కాగుతుంది. పంపు కొడితే టాంకులో చేరిన గాలి కిరసనాయిలుని పైకి తోస్తుంది. కాగిన గొట్టాల్లో అది ఆవిరై, నిపిల్లోంచి ఉరికి, బయటి గాలిని కలుపుకుని నీలంగా అంటుకుంటుంది. అక్కణ్ణించి ఎవరి సాయమూ అక్కర్లేదు. తన వేడితో తన ఆవిరిని తానే పుట్టించుకుంటూ పోతుంది. లీటరు నీళ్లు మరగడానికి, గాలి విసురు తగలకుండా చూసుకుంటే, సుమారు 20 మిల్లీలీటర్ల నూనె. దగ్గు మందు మూతతో కొలిస్తే రెండు మూతలు. ఇంత తక్కువ తిని అంత చాకిరీ చేసేది ఇంకేదైనా మీకు తెలిస్తే చెప్పండి.

దీన్నిలా కుదిర్చినవాడు స్వీడన్‌కి చెందిన ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్. 1892 నుంచి ప్రైమస్ పేరుతో అది లోకమంతా తిరిగింది. 1911 డిసెంబరులో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బండి మీద అదే. 1953 మేలో హిల్లరీ, టెన్సింగ్ ఎవరెస్టు శిఖరమెక్కబోయే ముందు రాత్రి, సుమారు 8,500 మీటర్ల ఎత్తున, గుడారంలో మంచు కరిగించి నిమ్మరసం, పంచదార కలుపుకుని తాగింది దాని చలవే. పంపే అక్కర్లేని, జేబులో పట్టే పెట్రోలు స్టవ్వులూ వచ్చాయి. 1955లో వచ్చిన స్వియా 123కి ఇప్పటికీ వీరాభిమానులున్నారు. ఉండనివ్వండి. ఒక్కమాట మాత్రం గర్వంగా చెప్పుకోవాలి. ఎవరెస్టు కొసన నీళ్లు 70 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ నీళ్లలో టీ ఆకు సారం సరిగా దిగదు. నిజాంపట్నంలో కాళ్ల దగ్గరే సముద్రం, నీళ్లకి నిండా 100 డిగ్రీల వేడి. టీ విషయంలో మాత్రం హిమాలయం మన తర్వాతే.

ఈ రేవు చూడని ఓడ లేదు. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ కొట్టు పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు కంపెనీ వర్తకులు దిగారు. అప్పట్లో వాళ్లు ఈ ఊరిని పెటపోలి అనేవాళ్లు. అద్దకం గుడ్డల కోసం, ఆ గుడ్డలకి ఎర్రరంగునిచ్చే చిరివేరు కోసం సముద్రాలు దాటి వచ్చారు. వాళ్లకి టీ రుచి తెలీదు! లండన్‌లో టీ అమ్మకం మొదలైంది 1650ల చివర్లో. ఇంత గాలిలో, ఇంత ఉప్పులో, వేడి టీ గుక్క ఎరగకుండా ఆ వర్తకులు బేరాలెలా ఆడారో నాకు అంతుపట్టదు.

పొగడ్తల నడుమ ఒక ముల్లు ఉంది, దాన్ని దాటవెయ్యను. ‘స్టవ్వు పేలి గృహిణి మృతి’ అని పేపర్లలో తరచూ చదివిన తరం మాది. వాటిలో నిజంగా పేలినవీ ఉన్నాయి. కట్నం కోసం మనుషులు చేసిన పనిని స్టవ్వు నెత్తిన రుద్దినవీ ఉన్నాయి. నోరులేని ఇత్తడి కాబట్టి ఎదురు చెప్పలేదు. దానికి తగిన చోటు తలుపులు మూసిన వంటగది కాదు, బయలు. మూసిన గదిలో, బిగించిన గుడారంలో దాని మంట వదిలేది ప్రాణం తీసే విషవాయువు. గట్టు మీద పెట్టండి, ఎంత పెద్దమనిషిలా ఉంటుందో.

వేట నిషేధం రోజుల్లో ఆ పెద్దరికం బాగా తెలుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లన్నీ రేవులో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. గట్టు మీద వలలు పరిచి బాగుచేసుకుంటుంటారు. ఆ ఎండలో ఒక పెద్దాయన, చినిగిన వల కాలి బొటనవేలికి తగిలించుకుని, పక్కన స్టవ్వు ముట్టించాడు. ఉప్పుగాలికి కిలుమెక్కిన టాంకుని అప్పుడే చింతపండుతో తోమినట్టున్నాడు, మూల మూలలా ఇంకా పచ్చగానే ఉంది.

“పంపు కొట్టనా బాబాయ్?” అన్నాను.

“ఆగవయ్యా. స్పిరిట్టు ఇంకా ఉంది. ఇప్పుడే కొడితే లేచి మీసాలు కాల్చుద్ది.”

పట్టపగలు స్పిరిట్ మంట కంటికి కనపడదు. ఆయన చెయ్యి వెనక్కి తిప్పి బర్నరు మీద గాలిలో ఆడించి, వేడిని బట్టి లెక్క కట్టాడు. పళ్లెంలో చివరి చుక్క ఆరబోతుండగా మర బిగించి రెండు పోట్లు పొడిచాడు. పసుపు నాలుక ఒకటి బయటికొచ్చి తడబడింది. ఇంకో రెండు పోట్లు. టపటపమంది, బర్నరు చుట్టూ నీలం రేకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తర్వాత ఆ హోరు. పక్కన ఇద్దరు మాట్లాడుకుంటున్నవాళ్లు తెలీకుండానే గొంతు పెంచారు. మంట ఓ పక్కకి వాలితే, తలపాగాలో గుచ్చుకున్న పిన్ను తీసి నిపిల్లో ఒక్క పోటు. సరిగ్గా లేచింది.

“కిరసనాయిలు దొరకట్లేదుగా, బోటులో డీజిలు పోస్తే పోలా?”

“మసి పట్టి నిపిలు మూసుకుపోద్ది. దీనికి ఏది పడితే అది పడదు.” పెళ్లీడు కూతురి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నీళ్లు మరిగాయి. రాయి మీద దంచిన అల్లం, దోసెడు పంచదార, టీ పొడి పడ్డాయి. పాలపొడి ఉండ కట్టకుండా విడిగా చన్నీళ్లలో కలిపి పోశాడు. పొంగు గిన్నె అంచుకి రాగానే మర ఒక్క వెంట్రుకంత తిప్పాడు, సుయ్యిమని గాలి తగ్గి పొంగు దిగింది. మళ్లీ పంపు, మళ్లీ పొంగు. మూడోసారి దించి గ్లాసుల్లో పోశాడు. అల్లం ఘాటు, అడుగున కిరసనాయిలు వాసన ఛాయగా, పెదాల మీద గాలి తెచ్చిన ఉప్పు. స్టారు హోటలు టీ దీని కాలి గోటికి సరిపోదని ప్రమాణం చేసి చెబుతాను.

వల దగ్గరి కుర్రాళ్లు ఖాళీ గ్లాసులు పట్టుకుని మళ్లీ చేరారు. ఆయన టాంకుని చెవి దగ్గర పెట్టి ఊపాడు. “నూనె ఇంకో రెండు విడతలకొచ్చుద్ది,” అన్నాడు. “పాలపొడే లేదు. ఎవడు పోతాడ్రా కొట్టుకి?”