రెండు వాషర్లు

పొదుపు మంచి గుణమని చిన్నప్పటి నించీ వింటున్నాం. పిసినారితనం చెడ్డదనీ వింటున్నాం. ఈ రెంటికీ మధ్య సరిహద్దు రాయి ఎక్కడ పాతి ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. మనం చేస్తే పొదుపు, పక్కింటావిడ చేస్తే పిసినారితనం – లోకంలో చెల్లుబాటవుతున్న నిర్వచనం ఇంతే కదూ!

పాతబడిన వస్తువుని బాగుచేయించే వేళ ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఎదురవుతుంది. అసలు భాగం ఖరీదెక్కువ. చవకరకం పక్క కొట్లోనే వేలాడుతూ ఉంటుంది. అదీ వద్దనుకుంటే ఇంట్లో ఉన్న ఏదో ఒక ముక్క కోసి బిగిస్తే ఆ పూటకి పని గడిచిపోతుంది. ఇందులో ఏది ధర్మం? చీరెకి మాసిక వేసుకున్నా, గొడుక్కి పుల్ల మార్పించుకున్నా ఎవరూ తప్పు పట్టరు. కాని ఆ వస్తువు మంచినీళ్ళ ఫిల్టరైతే?

నీళ్ళ విలువ మా బందరు, దివిసీమ వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చింది. కాలవలు పారి పొలాలు పచ్చబడ్డాయి. కాని సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ చాలా ఊళ్ళలో బావి తవ్వితే ఉప్పునీళ్ళే. కాలవ కట్టేసే ముందు చెరువు నింపుకుని, వేసవంతా ఆ నీళ్ళే జాగ్రత్తగా తాగాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో వేలకు వేల మంది పోయారు. బతికి బయటపడ్డవాళ్ళకి ఎటు చూసినా నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి మాత్రం చుక్క లేదు. చెరువుల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది మరి!

అందుకే ఈ ప్రాంతంలో నీళ్ళు తేరపట్టుకోవడం ఆడవాళ్ళకి తరతరాల విద్య. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవారు. పటిక తిప్పేవారు. పలచటి పాత పంచె నాలుగు మడతలు వేసి వడకట్టేవారు. తరవాత స్టీలు ఫిల్టర్లు వచ్చాయి. పై గిన్నెలో తెల్లటి పింగాణీ క్యాండిళ్ళు, కింది గిన్నెకో కొళాయి. 1884లో పారిస్‌లో పాశ్చర్ గారి ప్రయోగశాలలో చాంబర్లాండ్ అనే ఆయన మెరుగుపెట్టని పింగాణీ గొట్టంలోంచి నీళ్ళు పంపి, సూక్ష్మజీవులు ఆగిపోతాయని చూపించాడు. మన వంటింటి క్యాండిలు ఆ వంశంలోదే.

మా వీధిలో ఒక పిన్నిగారింట్లో అలాంటి ఫిల్టరుంది. పాతికేళ్ళ నాటిది. ఒక వేసవిలో దానికి రెండు జబ్బులు ఒక్కసారే వచ్చాయి. కొళాయి దగ్గర కారి గచ్చంతా తడిసిపోతోందని ఆవిడ గోల. రెండోది జబ్బని ఆవిడకి తెలియనే లేదు. పైగా సంతోషించారు కూడా. “ఇదివరకు రాత్రంతా బొట్టుబొట్టుగా దిగేవే అమ్మాయ్, ఇప్పుడు గంట తిరక్కుండా కింది గిన్నె నిండిపోతోంది!” అన్నారు.

ఇద్దరం కలిసి గుడివాడ బజారంతా తిరిగాం. ఆ మోడలు కంపెనీవాళ్ళు మానేశారనీ, విడిగా వాషర్లు రావనీ, మొత్తం కొత్తది కొనుక్కోమనీ మూడు కొట్లలో మూడు మాటలు. నాలుగో చోట, స్టవ్వులూ ప్రెషర్ కుక్కర్లూ బాగుచేసే ఒక పెద్దాయన మాత్రం ఫిల్టరు విప్పి చూశాడు. సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కత్తిరించి కొళాయికి బిగించాడు. కారడం ఆగిపోయింది. పిన్నిగారికి ప్రాణం లేచొచ్చింది.

“ఆ చేత్తోనే క్యాండిలు కిందా ఇదే వేసెయ్యి నాయనా,” అన్నారు.

“దానికి మాత్రం వెయ్యనమ్మగారూ.”

“అదేం? అదీ రబ్బరే, ఇదీ రబ్బరేగా?”

“కొళాయి దగ్గర కారితే మీ గచ్చు తడుస్తుంది, మీరే చూసుకుంటారు. క్యాండిలు కింద సందుంటే పైనీళ్ళు వడపోయకుండానే కిందికి దిగిపోతాయి. అది ఎవరికీ కనపడదు. తాగేది మీ మనవలు కదండీ.”

ఇంటికొచ్చాక నా ఆలోచనంతా ఆ రెండు వాషర్ల చుట్టూనే తిరిగింది. రెండూ బొటనవేలంత ఉంటాయి. ఖరీదూ ఇంచుమించు ఒకటే. ఒకటి చెడితే నష్టం కంటికి కనిపిస్తుంది, అనుభవించేది మనమే. రెండోది చెడితే నష్టం కనపడదు, అనుభవించేది మరొకళ్ళు. పైగా ఫిల్టరు మునుపటి కన్నా హుషారుగా పనిచేస్తున్నట్టు కూడా ఉంటుంది! పొదుపు సరిహద్దు రాయి ఈ రెండు వాషర్ల మధ్యే ఉందని నాకనిపిస్తుంది. నష్టం మన కళ్ళముందు మనకే వచ్చేటట్టయితే ఎంత చవకగానైనా సర్దుకోవచ్చు. అది మన హక్కు, నేర్పు కూడా. ఆ నష్టం కళ్ళకి కనపడకుండా పరాయివాళ్ళ మీద పడేటట్టయితే మాత్రం అక్కడ మిగిల్చిన ప్రతి రూపాయీ వాళ్ళ దగ్గర చెప్పకుండా తీసుకున్నదే.

ఇది వంటింటి లెక్క మాత్రమే అనుకోకండి. పెద్ద ఊళ్ళలో హోటళ్ళలోనూ క్లబ్బుల్లోనూ ఈతకొలనులుంటాయి కదా. వాటి వెనక చిన్న గదిలో ఇసక నింపిన పెద్ద పీపా ఒకటుంటుంది. పంపు కొలను నీళ్ళని ఆ ఇసకలోంచి తోస్తుంది, మురికి ఇసకలో చిక్కుకుంటుంది. దాని నెత్తి మీద ఒక పిడి ఉంటుంది. పిడి ఒక వైపు తిప్పితే వడపోత, మరో వైపు తిప్పితే నీరు ఎదురు నడిచి ఇసకని కడిగేస్తుంది. ఆ పిడి కింద బండిచక్రం ఆకుల్లాంటి రబ్బరు గాస్కెట్ ఒకటి ఉంటుంది. అది అరిగిపోతే మురికినీళ్ళలో కొంత ఇసక జోలికి పోకుండా తిన్నగా కొలనులోకి వెళ్ళిపోతుంది. గాస్కెట్ ఖరీదు చూసి యజమాని ఏదో ఒక అతుకు వేయించాడనుకోండి, మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు నీలంగా మెరుస్తూనే ఉంటాయి. దూకి ఈదుతున్న పిల్లాడికి ఆ గది ఉన్నట్టే తెలియదు.

ఊళ్ళకి ఊళ్ళే ఇలాంటి పొదుపు చేసిన సందర్భాలున్నాయి. జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా అని పక్కపక్కనే రెండు ఊళ్ళు. రెండూ ఆ నది నీళ్ళే తాగేవి. ఆల్టోనావాళ్ళు తోడుకునేది హాంబర్గ్ మురికి కూడా కలిసిన దిగువ నీళ్ళు. అయినా వాటిని ఇసక మడుల్లో వడగట్టి ఇచ్చేవారు. హాంబర్గ్ పెద్దలు ఖర్చు సంగతి తర్జనభర్జన పడుతూ ఏళ్ళు గడిపేశారు. 1892లో కలరా వచ్చింది. హాంబర్గ్‌లో ఎనిమిదివేల మందికి పైగా చనిపోయారు. మధ్యలో ఒక వీధి మాత్రమే అడ్డున్న ఆల్టోనా చాలావరకు బయటపడింది. మరుసటి ఏడు హాంబర్గ్‌లోనూ ఇసక మడులు పనిలోకి వచ్చాయి. డబ్బు మిగిల్చినవాళ్ళు వేరు, ప్రాణాలు పోయినవాళ్ళు వేరు.

అయితే ఖరీదైందంతా మంచిదనీ, పేరున్న కంపెనీ ముద్ర ఉంటేనే నమ్మాలనీ నేననడం లేదు. చిల్లగింజ నీళ్ళని తేరుస్తుంది గాని, చిల్లగింజ అని పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్ళు తేరవని మనుధర్మశాస్త్రంలోనే ఉంది. సన్యాసి కాషాయం గురించి చెప్పిన మాట అది. కంపెనీ ముద్రకీ సరిగ్గా అతుకుతుంది. పేరులేని చవక క్యాండిలైనా పగులు లేకుండా, వాషరు బిగువుగా కూర్చుంటే అది మంచి క్యాండిలే. తడిపిన క్యాండిలుని నీళ్ళలో ముంచి దాని గొట్టంలోంచి ఊదితే పగులున్నచోట బుడగలు లేస్తాయి. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. చవక తప్పు కాదు. చూసుకోకుండా చవక దాన్ని ఒకరి చేత తాగించడం తప్పు.

ఇంకో సంగతీ అడగాలి. ఆ చిన్న వాషరు ఎందుకు దొరకలేదు? వస్తువు అమ్మినవాడి బాధ్యత డబ్బు గల్లాలో పడగానే తీరిపోతుందా? వాషరు కోసం ఫిల్టరంతా మార్చమనడం చెప్పు తెగితే కాలు మార్చుకోమన్నట్టు ఉంటుంది. ఇప్పుడు విడిభాగాల విషయం ప్రభుత్వాల దాకా వెళ్ళింది. 2022 జులైలో మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ కోసం ఒక కమిటీని వేసింది. వ్యవసాయ పనిముట్లు, సెల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వచ్చాయి. అసలు భాగం అందుబాటు ధరలో దొరికేట్టు చేయకుండా, సైకిలు ట్యూబు వేసుకున్న బీదవాణ్ణి తప్పు పట్టే అధికారం ఎవరికీ లేదు. పైన చెప్పిన దోషంలో పెద్ద వాటా తయారుచేసినవాడిదే.

మరి అసలు భాగం దొరక్క, కొనే శక్తీ లేకపోతే? దీనికి బౌద్ధులు చాలాకాలం క్రితమే ఒక జవాబు చెప్పుకున్నారు. మా కూచిపూడికి దగ్గర్లోనే ఘంటసాలలో బౌద్ధస్తూపం శిథిలాలున్నాయి. భిక్షువు దగ్గర ఉండదగిన ఎనిమిది వస్తువుల్లో ఒకటి సూది, ఒకటి నీళ్ళు వడకట్టే గుడ్డ. చిరిగింది కుట్టుకోవాలి, తాగేది వడకట్టుకోవాలి. వినయపిటకంలో ఒక కథ ఉంది. ఇద్దరు భిక్షువులు దారినపడి పోతున్నారు. మొదటివాడు చేసిన తప్పుని రెండోవాడు ఎత్తి చూపాడు. మొదటివాడు అది మనసులో పెట్టుకున్నాడు. తరవాత రెండోవాడికి దాహమేసి వడపోత గుడ్డ అడిగితే ఇవ్వలేదు. వడకట్టని నీళ్ళు తాగక అతను చనిపోయాడు. అప్పుడు బుద్ధుడు నియమం పెట్టాడు – దారిలో అడిగినవాడికి గుడ్డ కాదనకూడదు. గుడ్డే లేకపోతే పైవస్త్రం కొంగుతో వడకట్టుకోవచ్చు. అంతకన్నా చవకైన విడిభాగం ఎక్కడుంది! కొంగుతో సరిపెట్టుకోవచ్చు గాని, వడపోతని మానెయ్యకూడదు. ఉన్నవాడు లేనివాడికి ఇవ్వకపోవడం మాత్రం క్షమించరాని పిసినారితనం.

ఏ కొట్లోనూ దొరకని భాగం కూడా ఒకటుంది. ఇసక మడుల్లో నీళ్ళు నెమ్మదిగా దిగుతుంటే కొన్ని వారాలకి ఇసక మీద పలచటి జిగురు పొర పుడుతుంది. ప్రాణమున్న పొర అది. రోగక్రిముల్ని పట్టేదాంట్లో ముఖ్యమైన పని దానిదే. పాచి అనుకుని గీకేస్తే మళ్ళీ పుట్టేదాకా కాచుకోవాలి. కూచిపూడిలో భామాకలాపం కూడా ఇలాగే నిలిచింది. వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో వెళ్ళిపోయారు, సత్యభామ వెళ్ళిపోలేదు. నగలు మారతాయి, నటులు మారతారు. ఏళ్ళ తరబడి సాధనతో పేరుకున్నది ఉంటే ఆట నిలుస్తుంది.

క్యాండిలు కింద ట్యూబు ముక్క వెయ్యనన్న మనిషిలో ఉన్నదీ అలాంటి పొరే. గిరాకీ పోతుందని తెలిసీ వద్దన్నాడు. అలాంటివాళ్ళు మీ ఊళ్ళోనూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. వాళ్ళు అడిగిన కూలి దగ్గర బేరమాడకండి. మిగతాచోట్ల ఎంత పొదుపు చేసుకున్నా నేనేమీ అనను.