అద్దం కన్నా ముందు దీపం

జాకెట్టు మీద పూసలు కుట్టేవాళ్లు, తపాలా బిళ్లలు పోగుచేసేవాళ్లు భూతద్దం కొనేటప్పుడు అడిగేది ఒకటే: ఎన్ని రెట్లు? పదిరెట్ల అద్దానికి నాభ్యంతరం సుమారు 25 మిల్లీమీటర్లు. అంటే వస్తువు అంగుళం దూరంలోనే ఉండాలి. తపాలా బిళ్ల అంచు పళ్లు చూడటానికి భేష్. సూది తిప్పడానికి చోటేదీ? కుట్టుపనికి రెండు రెట్లదే నయం, అయిదంగుళాల దాకా ఖాళీ దొరుకుతుంది.

నన్నడిగితే ముందు దీపం సర్ది చూడండి, కొందరికి అద్దమే అక్కర్లేకపోవచ్చు. కుడిచేతివాటం వాళ్లకు వెలుగు ఎడమ నుంచి రావాలి, లేకపోతే సూదిమొన మీద చేతినీడే. పక్కవాటుగా పడే కాంతిలో దారపు ముడి, కాగితం మడత తేలి కనిపిస్తాయి. నల్లబట్ట మీద నల్లదారమా, పగలు కిటికీ దగ్గర కూర్చోండి. లేచేటప్పుడు అద్దానికి గుడ్డ కప్పండి. దాని గుండా ఎండ పడితే బట్ట కాలవచ్చు.