ఏడు సంగమాల బాటసారికి

నాయనా, సప్తసాగర యాత్రకు ఒంటరిగా, కాలినడకన బయలుదేరుతున్నానని చెప్పావు. మంచి సంకల్పం. వెళ్లేముందు నా మాట నాలుగు నిమిషాలు విను.

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. గౌతముడు తెచ్చిన నదిని ఋషులు తలా ఒక పాయగా కడలికి నడిపించుకుపోయారని పెద్దల నమ్మిక. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో, తుల్యభాగ పాయ సంగమాన తొలి మునక వేసి, ఒక్కొక్క సంగమమే సేవించుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడం ఆచారం. నడుమ పదకొండు రోజులు. నేడు కారెక్కినవాడు పొద్దున చొల్లంగిలో మునిగి చీకటి పడకముందే అంతర్వేదిలో దిగుతున్నాడు. యానాం, ఎదుర్లంకల నడుమ వారధి వచ్చాక గౌతమీ పాయను దాటడం నిమిషాల పని. ఆ వారధిని నేను నిందించను. నొప్పులు పడుతున్న తల్లి రేవులో పడవ కోసం ఎదురుచూసే కాలం మళ్లీ రాకూడదు. కాని యాత్రకు పోయేవానికి తొందర దేనికి?

పెద్దలు ఈ యాత్రను అమావాస్యతో ఎందుకు మొదలుపెట్టారో నడిస్తే నీకే తెలుస్తుంది. అమావాస్యకు పోటు పెద్దది. సముద్రం ఏటిలోకి, ఏటినుంచి కాలవల్లోకి ఎగదన్నుతుంది. రోజురోజుకూ ఆ ఉరవడి తగ్గుతూ అష్టమినాటికి మందగించి, మళ్లీ పున్నమి వైపు లేస్తుంది. ప్రతిదినం పోటు నిన్నటికంటే సుమారు రెండు గడియలు ఆలస్యంగా వస్తుంది. నీవు చీకటి రాత్రిలో మొదలుపెడతావు. విదియనాడు సన్నని నెలవంక కనిపిస్తుంది. ఏకాదశినాటికి ఇసుక మీద నీ నీడ నీకు కనపడేంత వెన్నెల. తిథి అంటే పంచాంగంలో అచ్చయిన ముక్క కాదని ఆ పదకొండు రాత్రులు చెబుతాయి. ఒక్కరోజులో చుట్టివచ్చినవానికి దక్కేది ఒక తిథి, ఒక పోటు.

పడవవాడు "పోటెక్కాలి బాబూ" అంటే గట్టున కూర్చో. ఫోను తీయకు. కోరంగి మడ అడవి అంచున కూర్చుంటే ఎదురుగా బురదను చూడు. మడచెట్టు చుట్టూ వేళ్లు బురదలోంచి వేలెడేసి పొడవున నిటారుగా లేచి ఉంటాయి. ఊపిరాడని నేలలో నిలబడ్డ చెట్టు వాటితో గాలి పీల్చుకుంటుంది. వాటి నడుమకు నీరు చప్పుడు లేకుండా వస్తుంది. ఎండ్రకాయలు ముందుగానే కలుగుల్లోకి దిగిపోతాయి. నీ అడుగు పడ్డ గుంట నిండుతుంది, కాసేపటికి ఆ గుర్తూ ఉండదు. ఇది చూడటానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వృథా అయిందని అనుకోకు.

కోరంగిలో మరికొంత ఆగు. ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. ఇక్కడినుంచి మనవాళ్లు బతుకుతెరువుకు బర్మా పోతే, అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు నిలిచిపోయింది. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును ముంచేసింది. మళ్లీ 1996 నవంబరు 6 రాత్రి తుపాను భైరవపాలెం, బలుసుతిప్ప చేపల వేటగాళ్ల ఇళ్లను ఏడిపించింది. వేటకు పోయినవారిలో ఎందరో తిరిగి రాలేదు. నీవు నడిచే ఒడ్డు వారిది. ఆ దారిలో కూనిరాగాలు తీస్తూ పోకు. సంగమంలో నీ పితరులకు నీళ్లు విడిచేటప్పుడు వారికీ ఒక దోసిలి విడువు. ఎవరూ లేనివారికి తిలోదకం ఇవ్వడం మన విధిలో ఉన్నదే. కాని కట్టుబట్టలు నీళ్లలో వదిలేసే పద్ధతి ఉంది చూశావూ, దాన్ని నేను ఒప్పుకోను. అవి వేటగాళ్ల వలలకు చుట్టుకుంటాయి. నీ పుణ్యం కోసం మరొకరి వల చినగనివ్వకు.

ఒంటరిగా వెళ్లమని నేనూ అంటాను. తోడుంటే మన భక్తిని వాళ్లకు చూపించుకోవాలన్న కోరిక పుడుతుంది. ఎవరూ లేనిచోట ఆ కోరికకు పని ఉండదు, నీలో మిగిలిందెంతో తేలుతుంది. అయితే ఒంటరిగా నడిచాననే గర్వం దానికంటే చెడ్డది. ఏ పూటా నీవు నిజంగా ఒంటరివి కావు. దాహమేసి ఏ ఇంటి ముందో ఆగి "అమ్మా, కాసిని మంచినీళ్లు" అంటావు. ఆ ఉప్పునేలలో తాగే నీరు ఎక్కడినుంచి మోసుకొచ్చారో అడుగు. ఇచ్చిన చెంబులో సగం తాగి సగం పారబోయకు. కాలవ దాటబోతూ ఒడ్డునున్నవారిని లోతు అడుగు. వాళ్లు వద్దంటే దిగకు. ఆ బురద సంగతి వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ఎక్కువ దూరం నడిచి తీరాలని ఏ రోజూ పంతం పట్టకు. కాలు నొప్పెడితే గుడి మండపంలో పడుకో.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలిచి వశిష్ఠ పాయ నీళ్లనూ కడలి నీళ్లనూ చూసుకో. ఏకాదశినాడు నరసింహస్వామి రథం కదులుతుంది. జనంలో ఒకడివై దండం పెట్టుకో.

తిరిగి వచ్చాక మా ఇంటికి రా. నీకు నీళ్లిచ్చిన ఇళ్లేవో చెప్పు. వచ్చే అమావాస్యకు అటు వెళ్లేవారి చేత వాళ్లకు ఒక బుట్టెడు పళ్లు పంపుదాం.