చెంచులక్ష్మి పుట్టిల్లు

నరసింహస్వామి చెంచులక్ష్మిని మనువాడాడంటే మనకెంత మురిపెమో! మరి ఆ అమ్మ పుట్టింటివాళ్ళ సంగతి ఎప్పుడైనా అడిగామా?

పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో తేనె పట్టి, గడ్డలు తవ్వుకుని బతికారు చెంచులు. నిజాం కాలంలోనే బయటివాళ్ళు వచ్చి చేరారు. 1983లో ఆ నల్లమల పులుల అభయారణ్యమయింది. 2019లో యురేనియం కోసం అన్వేషిస్తామన్నారు. జనం గోలపెడితే ఆగింది.

ఇప్పుడేమో, “అడవి వదిలి రండి, పరిహారమిస్తాం, మీ మేలుకే” అంటున్నారు. ఆ మాట మనకు కొత్తా? చదువు మాన్పించినప్పుడూ, పెళ్ళి కుదిర్చినప్పుడూ మనతో అన్నదీ అదేగా! బడీ, మందూ వాళ్ళకక్కర్లేదని నేననను. కానీ అడక్కుండా చేసిన మేలు మేలేనా? పుట్టిల్లు వదలాలో వద్దో చెప్పవలసింది ఆ ఇంటివాళ్ళే కదూ!