మందు నింపే చేతులు

మా కాటారం వైపు 'మందు' అన్న ఒక్క మాటతో ఎన్ని పనులు జరుగుతాయో! జ్వరమొస్తే మందు. పత్తికి పురుగు పడితే మందు. సాయంత్రం మగవాళ్లు తాగొచ్చేదీ మందే, అప్పులపాలైన రైతు చేను గట్టు మీద తాగి చనిపోయేదీ మందే. అడవిలో పేలేది మందుపాతర. నాటు తుపాకి గొట్టంలో కూరేదీ మందే. వీటిని కొనేది, తాగేది, పేల్చేది చాలావరకు మగవాళ్లు. ఆ తర్వాత కడిగి, ఊడ్చి, ఏడ్చి, ఆస్పత్రికి మోసుకెళ్లేది ఆడవాళ్లు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెబుతూ నానార్థాల కింద ఈ మాటను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ఇప్పుడు దాన్ని మళ్లీ తలకెత్తుకోవడానికి కారణం టెక్సాస్‌లో ఉంటున్న మా అన్నయ్య కూతురు అడిగిన ప్రశ్న.

"అత్తా, నా తూటాలు నేనే నింపుకుందామనుకుంటున్న. నువ్వేమంటవ్?"

ఆ ఇంట్లోకి తుపాకి ఎప్పుడొచ్చిందో నాకు తెలుసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, ఒక బారులో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను 'మా దేశం నుంచి పొండి' అని అరుస్తూ ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఆ నెలలోనే మా అల్లుడు పిస్తోలు కొన్నాడు. మొదట్లో మా పిల్ల దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఆడవాళ్లకు విడిగా నేర్పే చోట చేరింది. ఆయన కంటే గురి బాగా కుదిరింది. 2020, 21లో కోవిడ్ రోజుల్లో అక్కడ తూటాలకు కరువొచ్చింది, ధరలు పెరిగాయి. 'ఎవరో తయారుచేసేదాకా ఎందుకు ఎదురుచూడాలి?' అన్న ఆలోచన ఆమెకు అప్పుడు మొలిచిందట. అక్కడ సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తేనే కావాలి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క తూటా తయారుచేసినా నేరమే.

ఆమె నన్ను అడగడానికి ఇంకో కారణం ఉంది. "తెలంగాణ పోరాటంల తుపాకి పట్టిన ఆడోళ్ల గురించి పాఠాలు చెప్పినవ్ గదా, నేను చేస్తే తప్పేంది?" అంది. ఇది వట్టి కుటుంబ వ్యవహారమైతే 'జాగ్రత్త బిడ్డా' అని ఊరుకునేదాన్ని. ఆమె నా పాఠాన్నే నా ముందు పెట్టింది. అందుకే ఈ వ్యాసం.

ముందు పనేమిటో చూద్దాం. పేలిన తర్వాత మిగిలే ఇత్తడి గొట్టాన్ని పారేయరు. ఏరుకొచ్చి శుభ్రం చేస్తారు. పేలుడుకు ఉబ్బిన గొట్టాన్ని ఒక చిన్న చేతిమరలో నొక్కి మళ్లీ ఆకారానికి తెస్తారు. వెనక నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించి, మందు తూచి పోసి, పైన సీసపు గుండు కూర్చి నొక్కుతారు. ఆ తూకానికి వాడే కొలత గ్రెయిన్. అంటే గింజ. ఒక పౌనులో 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురిగింజతో బంగారం తూచినట్టే, ఐరోపాలో ఒకప్పుడు యవల గింజ లెక్కన మొదలైన తూకమది. ఒక గొట్టంలో మర్చిపోయి రెండుసార్లు మందు పోస్తే తుపాకి చేతిలోనే పగలొచ్చు. అసలు పోయకపోతే గుండు గొట్టంలో ఇరుక్కుంటుంది, అది చూడకుండా రెండోది పేలిస్తే అదీ ప్రమాదమే. అందుకే నింపేటప్పుడు ఫోను ఉండకూడదు, పక్కన మాట్లాడేవాళ్లు ఉండకూడదు.

వీడియోలో ఆమె చూపిస్తుంటే నాకు మా అమ్మ జొన్నలు చెరగడం, అప్పడాలు ఆరబెట్టడం గుర్తొచ్చాయి. ఏరడం, కడగడం, ఆరబెట్టడం, తూచడం, నింపడం. ఇది ఇంటిపని స్వభావం ఉన్న పని. కాల్చడం ఒక్క క్షణం. దాని ముందూ వెనకా ఉన్న గంటల పని గురించి ఏ సినిమా చూపదు. వంట కనబడనట్టే, బట్టలుతకడం కనబడనట్టే యుద్ధంలోనూ ఈ పని కనబడదు. ఆ కనబడని పని చాలాసార్లు ఆడవాళ్లకే దక్కింది కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఫిరంగి గుళ్లు నింపింది ఆడవాళ్లే. టీఎన్‌టీ తగిలి ఒళ్లు పచ్చబడితే వాళ్లకు 'కానరీ పిల్లలు' అని ముద్దుపేరు పెట్టారు. 1916 డిసెంబరు 5న లీడ్స్ దగ్గర బార్న్‌బో కర్మాగారంలో పేలుడు జరిగి 35 మంది స్త్రీలు చనిపోతే ఆ వార్తను సెన్సారు బయటికి రానివ్వలేదు. వాళ్లలో ముప్పై దాటినవాళ్లకే, అదీ ఆస్తి అర్హత ఉంటేనే, ఓటు హక్కు 1918లో వచ్చింది.

ఖర్చు సంగతి. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టినవాళ్లకు డబ్బు మిగలదని ఆమే నవ్వుతూ చెప్పింది. ఒక్కో తూటా చవకే, కానీ చవకని రెండింతలు కాలుస్తారు. మర, తక్కెడ, అచ్చులు కొన్న డబ్బు తిరిగొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. డబ్బు కంటే నన్ను కలవరపెట్టింది సీసం. కాల్చిన గొట్టాల్లోని మసిలో, వాటిని తోమే పొట్టు దుమ్ములో సీసం ఉంటుంది. అది చేతులకు, దుస్తులకు, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో హెచ్చరిక గీతను డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కు దించింది. మా పిల్లకు నాలుగేళ్ల కూతురుంది. ఇన్నాళ్లూ రేంజి నుంచి వచ్చాక అల్లుడి బట్టలు విడిగా ఉతికింది, గరాజు తడిగుడ్డతో తుడిచింది ఎవరు? ఆమే. రేపు నింపేదీ ఆమే అయితే ఆ పని రెట్టింపవుతుంది.

అయినా లాభాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఫ్యూజు వేయడానికీ, మోటరు విప్పడానికీ మగదిక్కు కోసం ఎదురుచూసిన తరం నాది. లోహం, నిప్పు, తూకం తెలిసిన పని ఒక ఆడపిల్ల చేతికి వస్తే ఆ చేయి మారుతుంది. "మొదటిసారి నేను చేసిన వస్తువును నేను పూర్తిగా నమ్మిన" అంది. ఎంత పెద్ద మాట! ఇరవై ఏళ్ల ఉద్యోగం, వీసా, ఇల్లు, సంసారం, ఏవీ ఆమెకు ఇవ్వని మాట అది. ఇంకో వాదన కూడా చేసింది: కొన్న తూటాకు బాధ్యత కంపెనీ మీదికి పోతుంది, నేను గింజ గింజా తూచిన తూటాకు బాధ్యత నాదే.

ఇక్కడే నాకు పేచీ. తయారీ బాధ్యతను పెంచుతుందన్నది నిజమే, సగమే. 1857 జనవరిలో తూటాల కాగితానికి పూసిన కొవ్వు గురించి సిపాయిలు మొరపెట్టుకుంటే అధికారులు ఏమన్నారో గుర్తుందా? కొవ్వు లేని తూటాలిస్తాం, మీకిష్టమైన పూత మీరే పూసుకోండి అన్నారు. ఆ వెసులుబాటు ఎవరినీ చల్లార్చలేదు. చేతిది శుద్ధి చేసుకోవచ్చు, తుపాకి ఎవరి వైపు తిరగాలో చెప్పేది మాత్రం కంపెనీయే కదా. సొంతంగా నింపుకున్న తూటా కూడా ఎక్కడికి పోవాలో నింపిన చేయి ఒక్కటే నిర్ణయించదు. పనితనం ఇచ్చే ఆనందంలో ఒక మత్తుంది. తూకం సరిగ్గా వచ్చిందా అన్న ప్రశ్న, ఇది ఎందుకు అన్న ప్రశ్నను నెమ్మదిగా పక్కకు తోస్తుంది.

మరి జనగామ ఆడవాళ్లో? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకూలినప్పుడు జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు, కారం పొట్లాలు, రోకళ్లు. తర్వాత దళాలకు భర్మారు తుపాకులు వచ్చాయి. ప్రతి దెబ్బకూ మూతి వైపు నుంచి మందు పోసి, పీచు కుక్కి, గుళ్లు వేసి కూరాలి. అవతల నిజాం పోలీసులు, రజాకార్లు, 1948 తర్వాత యూనియన్ సైన్యం. వాళ్ల రైఫిళ్ల ముందు అది ఎంత నిదానమైన ఆయుధమో ఊహించండి. మల్లు స్వరాజ్యం దళ నాయకురాలైంది, ఆమె తల మీద పదివేల రూపాయల వెల పెట్టారు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. మాటను తూటాతో పోల్చుకునే హక్కు ఆమెకు భూమి, వెట్టి, దొర అన్న మూడు మాటల నుంచి వచ్చింది. తుపాకి ఆమెకు సొంత ఆస్తి కాదు. ఎప్పుడు ఎత్తాలో, 1951 అక్టోబరులో ఎప్పుడు దించాలో ఒక సమూహం నిర్ణయించింది. ఆ నిర్ణయాల్లో ఆడవాళ్ల పాలు ఎంతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. దించాక పొయ్యి దగ్గరికి పొమ్మన్నప్పుడు వాళ్లకు కలిగిన ఉక్రోషం ఆ పేజీల్లో ఇంకా వేడిగానే ఉంది. కాబట్టి నా పాఠాన్ని మా పిల్ల ముందు ఊరికే వీరగాథగా పెట్టడానికి నాకు మనసొప్పదు.

సొంతంగా చేసుకున్న ఆయుధాల సంగతి కాటారంలో పుట్టినవాళ్లకు ఇంకో రకంగా తెలుసు. రాత్రి అన్నలు, పగలు పోలీసులు. ఇద్దరికీ వండిపెట్టి, ఇద్దరి ప్రశ్నలకూ వణికిన ఇళ్లు మావి. ఇప్పుడు ఆ రోజులు పోయాయి గానీ అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు, నాటు బాంబులు ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో మా కాటారం మండలం అడవిలోనే వేటగాళ్ల తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబులు చనిపోయాడు. తీగ పెట్టినవాడికి అతనెవరో తెలియదు. తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోయే ఆడవాళ్లెవరో కూడా తెలియదు. చేసుకున్నవాడి లాభం వాడికే తెలుస్తుంది, ఖర్చు మాత్రం దారినపోయేవాళ్ల ఖాతాలో పడుతుంది.

టెక్సాస్ గరాజుకూ దీనికీ ఏం సంబంధం అని ఆమె కోప్పడింది. ఉందనే నేనంటాను. బయటి తెల్లవాడి భయంతో తుపాకి ఇంట్లోకి వచ్చింది. కానీ 2003లో జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, హింసించే భాగస్వామికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం అయిదింతలవుతుంది. మా అల్లుడు అలాంటివాడు కాడు. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. అయితే ఆ అంకెల్లో ఉన్న ఆడవాళ్ల మేనత్తలు కూడా ఒకప్పుడు అదే మాట అని ఉంటారు.

వద్దని మాత్రం చెప్పలేదు. పని నేర్చుకోవద్దని ఏ ఆడపిల్లకూ చెప్పే నోరు నాకు లేదు. కొన్ని అడిగాను. గరాజులో నింపకుండా ఇంటికి బయట, నీళ్ల వసతి ఉన్న షెడ్డులో చేయగలవా? పాపకు రక్తపరీక్ష ముందు చేయించి, ఆరు నెలలకు మళ్లీ చేయిస్తావా? ఆ బట్టలు ఇక మీదట ఆయన ఉతుకుతాడా? మొదటి రెండింటికీ వెంటనే సరేనంది. షెడ్డు ధర కూడా కనుక్కుంది. మూడోదానికి నవ్వింది, ఆయన్ను పిలిచి ఫోను ముందు నిలబెట్టింది. "నేర్చుకుంటనత్తా" అన్నాడాయన. మందు, తుపాకి ఉన్న పెట్టెల తాళంచేతులు ఎవరి దగ్గర ఉంటాయని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలోచించి చెప్తమన్నారు. మర ఇంకా ఆర్డరు పెట్టలేదు.