జీతం లక్ష దాటినా 20వ తారీఖుకే జేబు ఖాళీ ఎందుకు? మన బోధన్ బకాసురుడి కథలో ఉన్న లెక్క



మొన్న నిజామాబాద్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మేం ఇద్దరం జాబ్ చేస్తం. నెలకి లక్షా నలభై వేలు ఇంటికొస్తయి. మా నాయినకు ఇందులో పదో వంతు కూడా రాకపోతుండె. అయినా ఇల్లు నడిపిండు, అక్క పెండ్లి చేసిండు. మాకేమో 20వ తారీఖు వచ్చేసరికి కార్డు గీకకపోతే కూరగాయలు రావు. శుక్రవారం దీపం పెడుతున్నం, లక్ష్మీపూజ చేస్తున్నం. తప్పు ఎక్కడుందన్నా?"

తమ్ముడూ, నీ పూజలో తప్పు లేదు. లక్ష్మీదేవి మీ ఇంటికి రాకపోవడం లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తూనే ఉంది. ఆవిడ కూర్చోవడానికి మీ ఇంట్లో పీట ఖాళీగా లేదు, అంతే. ఆ పీట మీద ముందే ఎవరో కూర్చున్నారు. ఎవరో తెలియాలంటే మీ ఊరి కథే వినాలి.

నిజామాబాద్ నుంచి ఓ పాతిక కిలోమీటర్లు పోతే బోధన్. అక్కడ చక్రేశ్వరాలయం ఉంది. మహాభారతంలో ఏకచక్రపురం ఇదేనని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. దేశంలో ఇంకొన్ని ఊళ్ళవాళ్ళు కూడా మాదే అంటారు. ఆ చర్చ పండితులకి వదిలేద్దాం. మనకి కావాల్సింది ఆ ఊళ్ళో జరిగిన ఒప్పందం.

లక్క ఇంటి నుంచి బయటపడ్డ పాండవులు బ్రాహ్మణ వేషంలో ఏకచక్రపురం చేరి, ఒక బ్రాహ్మణుడి ఇంట్లో ఉన్నారు. భిక్షాటన చేసి బతుకుతున్నారు. ఆ ఊరికి పక్కనే బకాసురుడు ఉన్నాడు. ఊరివాళ్ళు వాడితో ఒక ఏర్పాటు చేసుకున్నారు. వంతుల వారీగా ఒక్కో ఇంటి నుంచి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఆ బండి తోలుకొచ్చే మనిషి. ఇదీ వాడి కిస్తు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అంత దారుణమైన ఒప్పందానికి ఊరు ఊరంతా ఎలా ఒప్పుకుంది? ఒక్కో ఇంటికి వంతు ఎన్నో ఏళ్ళకి గానీ రాదు కాబట్టి. "ఇప్పుడు కాదు కదా, అప్పుడు చూసుకుందాం." ఇంతే ధైర్యం.

మనం షోరూంలో సంతకం పెట్టేటప్పుడు ఉండే ధైర్యం కూడా ఇదే కదండీ. ధర చెబితే గుండె ఆగుతుంది. "నెలకి ఇంతే సార్" అంటే తేలికైపోతుంది. తేడా ఒక్కటే. వాళ్ళ వంతు ఎన్నో ఏళ్ళకి ఒకసారి వచ్చేది. మన వంతు ప్రతి నెలా ఐదో తారీఖున వస్తుంది.

ఇప్పుడు ఆ తమ్ముడి లాంటి ఇంటి లెక్క ఒకటి వేద్దాం. ఇది ఎవరి సొంత లెక్కా కాదు, ఉదాహరణకి అనుకోండి. ఇంటికొచ్చేది 1,40,000. ఇంటి లోన్ 50 లక్షలు, 20 ఏళ్ళు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ: నెలకి సుమారు 43,400. కారు లోన్ 10 లక్షలు, ఐదేళ్ళు, తొమ్మిది శాతం: 20,750. పెళ్ళికి తీసుకున్న పర్సనల్ లోన్ 5 లక్షలు, నాలుగేళ్ళు, పద్నాలుగు శాతం: 13,660. ఫోను, టీవీ కిస్తులు 6,200. మొత్తం 84,010. అంటే ఒకటో తారీఖున వచ్చిన ప్రతి వంద రూపాయల్లో 60 ఐదో తారీఖుకే బండెక్కి వెళ్ళిపోయాయి.

మిగిలింది దాదాపు 56 వేలు. పిల్లవాడి స్కూలు ఫీజు నెల లెక్కన 12 వేలు, అమ్మానాన్నలకి 10 వేలు, చిట్టీ 10 వేలు తీసేస్తే 24 వేలు. బియ్యం, పాలు, పెట్రోలు, కరెంటు, మందులు, పండగలు, పేరంటాలు అన్నీ ఇందులోనే. కాబట్టి ఆ ఇంట్లో వాళ్ళు బతుకుతున్నది లక్షా నలభై వేల మీద కాదు, 24 వేల మీద. పేరుకి పెద్ద జీతం, చేతికి చిన్న జీతం. నాన్నగారికి వచ్చింది తక్కువే కావచ్చు, కానీ వచ్చింది వచ్చినట్టు ఇంట్లోనే ఉండేది.

ఆ 24 వేలు చాలక కార్డు గీకుతాం. బాకీ 40 వేలు ఉందనుకోండి. నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 1,400. దాని మీద జీఎస్టీ 252. మినిమమ్ డ్యూ అని 2,000 కట్టి "హమ్మయ్య, కట్టేశాం" అనుకుంటాం. అసలులో తగ్గింది 348 రూపాయలు. ఆ నెలలో మళ్ళీ ఒక్కసారి బిర్యానీ తెప్పించుకుంటే అది కూడా పోయింది.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 2022-23లో మన దేశంలో కుటుంబాల ఆర్థిక పొదుపు, కొత్త అప్పులు తీసేసి చూస్తే, జీడీపీలో సుమారు 5 శాతానికి పడిపోయిందని రిజర్వ్ బ్యాంకు లెక్కలే చెప్పాయి. కాబట్టి సిగ్గుపడి దాచుకోవాల్సిన పని లేదు. అన్నీ కోరికలే అనడం కూడా అన్యాయం. స్కూలు ఫీజులు, ఆసుపత్రి బిల్లులు మన నాన్నల కాలంలో ఇలా లేవు.

అయితే ఇంకొకటి కూడా ఉంది. అది కంటికి కనిపించదు. దానికి మీ జిల్లా వాళ్ళకి బాగా తెలిసిన ఉదాహరణ చెప్తాను. బోధన్ చెరకు పొలాలకి నీళ్ళిచ్చింది మంజీర మీద కట్టిన నిజాంసాగర్. 1931లో పూర్తయింది. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. ఇవాళ పట్టేది 18 టీఎంసీల లోపే. ఏమైంది? కట్ట తెగలేదు, ఎవరూ దోచుకోలేదు. ఏటా వరదతో పాటు కాస్త కాస్త మట్టి వచ్చి అడుగున చేరింది. పూడిక. గట్టు మీద నిలబడి చూస్తే ఇప్పటికీ నిండుకుండలాగే కనిపిస్తుంది.

జీతం పెరగడం అంటే వరద పెరగడం. కానీ ప్రతి వరదతో మట్టి కూడా వస్తుంది. ఇంక్రిమెంట్ వచ్చిన నెలే కొత్త ఓటీటీ, పెద్ద ఫోను, పక్కింటి వాళ్ళు వేసిన స్కూలు, "మనం కూడా ఒకసారి గోవా". ఒక్కోటి చిన్నదే. కానీ వచ్చింది వచ్చినట్టు అడుగున ఉండిపోతుంది, వెనక్కి పోదు. నిన్నటి సరదా ఇవాళ అవసరం అవుతుంది. అందుకే జీతం 50 వేలు ఉన్నప్పుడూ 20వ తారీఖే, లక్షా నలభై వేలు ఉన్నప్పుడూ 20వ తారీఖే. గీతలో భగవంతుడు కోరికని ఎంత వేసినా నిండని నిప్పుతో పోల్చాడు. నిప్పుకి ఆకలి తీర్చాలంటే ఇంకా కట్టెలు తేవడం కాదు కదా దారి.

మీరు అనొచ్చు, "అన్నా, కిస్తులు కడుతూనే ఉన్నాం కదా, ప్రమాదం ఏముంది?" అని. బోధన్‌లోనే శక్కర్‌నగర్ చూడండి. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఉద్యోగం, క్వార్టర్, చుట్టూ చెరకు. ఆ సైరన్ ఆగిపోతుందని అప్పట్లో ఎవరైనా అనుకున్నారా? 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. గేటు మూతపడింది. అందులో పనిచేసిన వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఫ్యాక్టరీకి మూత పడొచ్చు, ఐటీ కంపెనీ మెయిల్ పంపొచ్చు, గల్ఫ్ వీసా ఆగిపోవచ్చు. జీతానికి హామీ లేదు. కిస్తుకి మాత్రం 20 ఏళ్ళ హామీ మనం రాసిచ్చాం. ప్రమాదం అక్కడుంది.

సరే, మళ్ళీ ఏకచక్రపురానికి వద్దాం. పాండవులు ఉన్న ఇంటికే వంతు వచ్చింది. ఆ బ్రాహ్మణుడు ఏం చేశాడో గమనించండి. రాత్రికి రాత్రి చెప్పకుండా బండి కట్టుకుని పోలేదు. ఇంట్లో అందరి ముందూ చెప్పాడు. ఎప్పుడో ఈ ఊరు వదిలి పోదామంటే నువ్వు వినలేదని భార్యతో కూడా అన్నాడు. అంత కష్టంలోనూ "నేను పోతా" అని ఆయన, "కాదు నేను" అని ఆవిడ, "మీరిద్దరూ ఉండాలి, నేను పోతా" అని కూతురు. చిన్న పిల్లవాడైతే ఒక గడ్డిపరక పట్టుకొచ్చి "దీంతో ఆ రాక్షసుణ్ణి చంపేస్తా" అన్నాడు. ఏడుస్తున్న వాళ్ళకి కూడా నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే కుంతీదేవి లోపలికి వచ్చి, మీ దుఃఖం ఏమిటో చెప్పమని అడిగింది.

సాయం ఎప్పుడు వచ్చిందండీ? మాట బయటికి వచ్చాకే. వాళ్ళు నోరు విప్పకపోతే కుంతికి వినపడేదే కాదు. ఇవాళ మన ఇళ్ళలో భర్త కార్డు బాకీ భార్యకి తెలీదు. భార్య లోన్ యాప్‌లో తీసుకున్నది భర్తకి తెలీదు. ఊళ్ళో అమ్మానాన్న "మా కొడుక్కి మంచి జీతం" అనుకుంటూ ఉంటారు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు గదుల్లో ఒకే బకాసురుడికి భయపడుతున్నారు.

ఇంకో మాట మనసు పెట్టి వినండి. బకాసురుడు అన్నంతో, దున్నపోతులతో ఆగలేదు. తెచ్చిన మనిషిని కూడా అడిగాడు. అప్పు కూడా డబ్బుతో ఆగదు. నిద్ర అడుగుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, భార్యాభర్తల మధ్య మాట అడుగుతుంది. ఒక్కోసారి ప్రాణమే అడుగుతుంది. అది మాత్రం ఇవ్వకండి. కుంతి ఒప్పుకోనిది అదే. అప్పు ఎంతైనా ఒక అంకె. దాన్ని కట్టొచ్చు, గడువు అడగొచ్చు, ఉన్నది అమ్మి తీర్చొచ్చు. మనిషి మాత్రం ఆ కిస్తులో భాగం కాదు. ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరికైనా ఆ ఆలోచన వచ్చి ఉంటే, ఈ పోస్ట్ ఇక్కడ ఆపి ముందు మీ వాళ్ళలో ఒకరికి ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

కుంతి ఇల్లు నడిపిన పద్ధతి కూడా చూడండి. కొడుకులు తెచ్చిన భిక్ష అంతా ముందు ఆవిడ చేతికి వచ్చేది. అందులో సగం భీముడికి, మిగతా సగం ఆవిడకీ నలుగురు కొడుకులకీ. సమానంగా పంచలేదు, అవసరాన్ని బట్టి పంచింది. ఎవరి ఆకలి ఎంతో ఆవిడకి తెలుసు. రాజమాత, భిక్షాన్నంతో ఇల్లు నడిపింది. ఊళ్ళో పెద్ద ఇళ్ళు చూసి పోల్చుకోలేదు.

అలాగే భీముడు బండి తోలుకుపోయి చేసిన మొదటి పని యుద్ధం కాదు. బకుడి కోసం తెచ్చిన అన్నం తాను తినడం. వాడు వచ్చి వీపు మీద గుద్దుతున్నా లెక్కచేయకుండా తిన్నాడు. ముందు బలం మన ఇంట్లో ఉండాలి, తర్వాతే పోరాటం.

ఈ నెల మూడు పనులు చేద్దాం.

ఒకటి. వచ్చే శుక్రవారం దీపం పెట్టాక, అదే పీట దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ కూర్చోండి. ఫోన్లు పక్కన పెట్టి ఒక కాగితం మీద ప్రతి బాకీ రాయండి. దాచినవి కూడా. ఆ రోజు ఎవరూ ఎవర్నీ తిట్టకూడదు, అదే ఆ రోజు వ్రతం.

రెండు. జీతం పడగానే ముందు కొంచెం పక్కకి తీయండి, రెండు వేలైనా సరే. అది భీముడి ముద్ద. ఆసుపత్రికో, ఉద్యోగం పోయిన నెలకో తప్ప ముట్టుకోకూడదు.

మూడు. అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న బాకీ ముందు తీర్చండి. మామూలుగా అది కార్డే. అది తీరేదాకా కొత్త బండి కట్టొద్దు. ఒక కిస్తు తీరిన నెల ఆ డబ్బుతో ఇంకోటి కొనకుండా, తర్వాతి బాకీకి కలపండి. ఎక్కడ తగ్గించాలా అని చూసేటప్పుడు అమ్మానాన్నలకి పంపే డబ్బు దగ్గర మొదలుపెట్టకండి. కారు దగ్గర మొదలుపెట్టండి. అవసరమైతే అమ్మేయండి. నలుగురు ఏమనుకుంటారు అంటారా? ఆ నలుగురు మన కిస్తు కట్టరు.

బకాసురుడు ఒక్క రోజులో పోయాడు, మన బాకీలకి రెండు మూడేళ్ళు పట్టొచ్చు. పరవాలేదు. ఈసారి బోధన్ వైపు వెళ్ళినప్పుడు చక్రేశ్వరుడి ముందు నిలబడి ఇంకా జీతం పెంచమని అడగకండి. "స్వామీ, వచ్చింది నిలబెట్టుకునే బుద్ధి ఇవ్వు" అని అడగండి. పీట ఖాళీ చేస్తే అమ్మవారు తనంతట తానే కూర్చుంటుంది.

హర హర మహాదేవ. శుభం భూయాత్.