వంశాన్ని గురించి చదవటం అసబియ్యతేనా?

అమెరికాలో జాతుల అధ్యయనం అనే చదువు ఉంది. 1968-69లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి దాన్ని సాధించుకున్నారు. నేడు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లోనూ బోధిస్తున్నారు. ఇది అసబియ్యత్ (వర్గ దురభిమానం) కాదా అని కొందరు తల్లిదండ్రుల సందేహం.

సూరె హుజురాత్ 13వ ఆయత్ జాతులను, తెగలను కాదనలేదు. పరస్పర పరిచయమే వాటి ఉద్దేశమని తెలిపి, గౌరవాన్ని మాత్రం తఖ్వాతో ముడిపెట్టింది. బంధుత్వాలు నిలుపుకోవటానికి అవసరమైనంత వంశజ్ఞానం నేర్చుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (తిర్మిజీ). తన వారికి జరిగిన అన్యాయాన్ని తెలుసుకోవటం వేరు, తన వారు చేసిన అన్యాయాన్ని వెనకేసుకురావటం వేరు. రెండోదే అసబియ్యత్.

మన తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి వెళ్లిన అమ్మాయిని అక్కడ తన వారి గురించి రాయమంటే ఏం రాస్తుంది? ఈ ఊళ్లలో నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో. పూర్వీకులు దూది ఏకి బతికారు, దూదేకుల అన్న పేరు ఆ పని నుంచే వచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఉర్దూ రాదని వీరిని చిన్నచూపు చూసి, సంబంధం కలుపుకోవటానికి వెనుకాడే ఇళ్లు మనలో లేకపోలేదు. ఉర్దూలో చదువుకున్నవాడిగానే చెబుతున్నాను, ఆ భాష అల్లాహ్ వద్ద ఎవరికీ హోదా కాదు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) మాతృభాష అరబ్బీ కూడా కాదు!

ఆమె ముత్తాత దూది ఏకిన విల్లు గురించి రాస్తే అందులో దాచవలసింది ఏముంది? దాచమనే పెద్దలు, ఆ సిగ్గు తమకు ఎవరు నేర్పారో ముందు చెప్పాలి.